హోసూరులో ఆర్‌టీఆర్ 165 ఆర్‌పీ దొరుకుతోంది. అది తీసుకోనా, కొత్త ఆర్‌ఆర్ 310 కిట్లతో తీసుకోనా?

కరకంబాడి_కుర్రోడు

అందరికీ నమస్తే. శానా కాలంగా ఈడ ఊరికే చదివిపోతా ఉన్నా, రాయడం ఇదే మొదలు. మాది తిరుపతి, కరకంబాడి రోడ్డు. ఇప్పుడున్న 150 సీసీ బండిని తమ్ముడికి ఇచ్చేస్తున్నా, వాడికి కాలేజీకి సరిపోతాది.

నా ముందర రెండు బండ్లున్నాయి. హోసూరులో ఒకాయన దగ్గర అపాచీ ఆర్‌టీఆర్ 165 ఆర్‌పీ ఉంది. తెలియనోళ్ళకి చెప్తున్నా, 2021 డిసెంబరులో టీవీఎస్ వాళ్ళు రేస్ పెర్ఫార్మెన్స్ పేరుతో 200 బండ్లే చేసి వదిలినారు. అప్పుడు ఎక్స్‌షోరూం 1.45 లక్షలు. ఈయన 1.60 అడుగుతున్నాడు, తగ్గేదే లేదంటున్నాడు. రెండోది కూడా టీవీఎస్ అపాచీనే, కొత్త ఆర్‌ఆర్ 310. అదనంగా డబ్బు కట్టి వేయించుకునే డైనమిక్ కిట్, డైనమిక్ ప్రో కిట్ రెండూ వేయించి, సెపాంగ్ బ్లూ రంగులో. ఇది ఈఎంఐ మీద తీసుకోవాల.

రోజూ ఆఫీసుకి రేణిగుంట దాకా పోయి రావాల. ఆదివారాలు తలకోన, హార్స్‌లీ హిల్స్. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోటై రేసు ట్రాక్ మీద తొక్కాలని ఎప్పట్నుంచో ఆశ. ఎత్తు 5 అడుగుల 7. ఆర్‌పీ ఫొటోలు చూసినప్పట్నుంచి వేరే పని మీద ధ్యాస నిలవడం లేదు. ఏది తీసుకోమంటారు?

శ్రీసిటీ_షిఫ్ట్

కొన్నది 1.45కి. నాలుగేళ్ళు తొక్కి పైన పదిహేను వేలు లాభం అడుగుతున్నాడా? ఆయన ధైర్యం నాకు నచ్చింది. నంబరియ్యి, నా పాత బండి కూడా ఆయన చేతనే అమ్మిస్తా.

పుత్తూరు_ప్రోస్టాక్

ధర సంగతి తర్వాత. ఆ బండి యాడ్నుంచి వచ్చిందో ముందు తెలుసుకోండి. మన నేషనల్ రేసింగ్ చాంపియన్‌షిప్‌లో ప్రో-స్టాక్ 165 సీసీ అని ఒక క్లాసు ఉండాది. ఆ రేసు బండ్ల పనితనమే ఆర్‌పీలో రోడ్డు మీదికి దిగింది. మామూలు అపాచీ 160 4వీకి స్టిక్కరేసిన బండి కాదది. సిలిండర్ హెడ్ కొత్తది. ఇన్‌టేక్ 35 శాతం పెంచినారు, వాల్వులు 15 శాతం పెద్దవి, హై-లిఫ్ట్ క్యామ్‌లు, వాల్వుకు డబుల్ స్ప్రింగులు, డోమ్ పిస్టన్. మొత్తం 164.9 సీసీ. 10,000 ఆర్‌పీఎం దగ్గర 19.2 పీఎస్ (హార్స్ పవర్ లెక్క) ఇస్తాది. అప్పటి మామూలు 160 4వీ 17.6 దగ్గర ఆగిపోయేది. బయట ఏ ట్యూనర్ దగ్గరికి పోయినా హెడ్డు పని, క్యామ్‌లు, పిస్టన్ అంతా కలిపి ఆ డబ్బుకి ఎవురూ చెయ్యరు, చేసినా వారంటీ ఇయ్యరు.

ఇంకోటి. ట్రాక్ ఆశ ఉందన్నావు. కార్నర్‌లో వేగం నిలబెట్టడం చిన్న బండి మీదే వస్తాది. పెద్ద బండి తీసుకుని పోయినోడు స్ట్రెయిట్‌లో అందర్నీ దాటేసి, సీ1, అంటే మొదటి మలుపు కనపడంగానే బ్రేకు పట్టుకుని కూచుంటాడు. ఆడ ఇట్లాంటోళ్ళని ప్రతిసారీ చూస్తాండా.

నా ఓటు ఆర్‌పీకే.

మొగిలి_ఘాట్

పుత్తూరు తమ్ముడు చెప్పిన అంకెలన్నీ సరైనవే. ఒక్క అంకె మాత్రం జేబులో పెట్టుకున్నాడు. టార్క్, బండి లాగే బలం!

ఆర్‌పీ 14.2 ఎన్‌ఎం, అదీ 8,750 దగ్గర. మామూలు 160 4వీ 14.73 ఎన్‌ఎం, 7,250కే వచ్చేస్తాది. అంటే ఏంది? పైన ఊపిరి పెంచడానికి కింద కొంచెం వదులుకున్నారు. రేసులో అది తెలివైన పనే, ఆడ ఆర్‌పీఎం సూది కిందికే రాదు. నేను వారం వారం చిత్తూరు నుంచి పలమనేరు పోతా. మొగిలి ఘాట్‌లో ముందర లోడు లారీ, వెనక సీట్లో మీ అక్క, ఆమె ఒళ్ళో టమోటా సంచి. మూడో గేరులో దేకతా ఉంటాం. అప్పుడు 10,000 ఆర్‌పీఎం దగ్గర ఏముంటే నాకేం? గేర్లు కూడా ఐదే.

ఆర్‌ఆర్ 310 లెక్క చూడు. 2024 నుంచి 38 పీఎస్, 7,900 దగ్గర 29 ఎన్‌ఎం. ఆర్‌పీకి రెండింతలు. ఆరు గేర్లు, పైకీ కిందికీ క్విక్‌షిఫ్టర్, క్లచ్ పట్టకుండానే గేరు పడతాది. రేణిగుంట దాకా ఈజీగా పోతాది, ఆదివారం భాకరాపేట ఘాట్‌లో నవ్వుకుంటా ఎక్కుతాది.

బరువు మాత్రం 174 కిలోలు. ఇంటి ముందు ర్యాంపు ఉందా?

కరకంబాడి_కుర్రోడు

ర్యాంపు ఉందన్నా, కానీ సందు ఇరుకు. వెనక్కి తోసుకోవాల రోజూ.

నగరి_నైట్‌రైడర్

ఇదంతా ఎందుకు, సెకండ్ హ్యాండ్‌లో కేటీఎం ఆర్‌సీ 390 పట్టు. రెండింటినీ తినేస్తాది.

శ్రీసిటీ_షిఫ్ట్

వచ్చినాడు. ఏ థ్రెడ్ పెట్టినా ఈయన ఆర్‌సీ 390తో దిగుతాడు. మొన్న ఎవరో స్కూటీ అడిగినా ఇదే చెప్పినాడు.

మోడరేటర్

390 గొడవకి వేరే థ్రెడ్ ఉంది. ఈడ రెండు బండ్ల గురించే రాయండి. తర్వాత వచ్చిన పదకొండు పోస్టులు ఆడికి పంపేసినాను.

అలిపిరి_రైడర్

నాది ఆర్‌ఆర్ 310, 2021 బీటీవో, అంటే మనం ఎంచుకున్న సామానుతో ఆర్డరు మీద చేసిచ్చింది. రెండు కిట్లూ వేసి బుక్ చేసుకున్నాను. అప్పుడు డైనమిక్ కిట్ 12 వేలు, రేస్ కిట్ 5 వేలు. ఇప్పుడు వచ్చే ప్రో కిట్ వేరే, అందులో ఎక్కువ ఎలక్ట్రానిక్స్. పేర్లు చూసి కలిపేసుకోవద్దు. అప్పటి రేస్ కిట్ అంటే హ్యాండిల్ కిందికి, ఫుట్‌రెస్టులు పైకి.

ఆ హ్యాండిల్‌తో ఊళ్ళో తిరగడం ఎట్లుంటుందో చెప్తాను. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు లీలామహల్ సర్కిల్ నుంచి అలిపిరి వైపు రావాల్సి వచ్చింది. జనం, బస్సులు, పోలీసు తాళ్ళు. క్లచ్ పట్టుకుని నిలబడీ నిలబడీ, ఒంటి బరువంతా అరచేతుల మీదికొచ్చి, బొటనవేలి కింద కండ రాయిలా అయిపోయింది. ఇంటికొచ్చి చపాతీ పిండి కలపలేకపోయాను. అదే హ్యాండిల్ ట్రాక్ మీద ఎంత హాయిగా ఉంటుందో! ముందు టైరు మీద బరువు పడుతుంది, మోకాలు ట్యాంకుకి ఆనించి చేతులు వదులుగా పెట్టుకోవచ్చు. ఒకే బండి, రెండు వేరే బండ్లలా ఉంటుంది.

కాబట్టి తమ్ముడూ, "రేస్" అన్న మాట చూసి డబ్బు కట్టవద్దు. ఏ భాగం ఏం చేస్తుందో అడుగు. డైనమిక్ కిట్ అంటే సస్పెన్షన్. ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు), రీబౌండ్ (తిరిగి పైకి లేచే వేగం), కంప్రెషన్ (కిందికి అణిగే వేగం) మూడూ మనకు కావాల్సినట్టు తిప్పుకోవచ్చు. తిప్పడం రాకపోతే అది ఖరీదైన ఫోర్కు, అంతే. మన ఊరి బండ్లలో సగం షోరూం నుంచి వచ్చిన సెట్టింగు మీదే ముసలివైపోతాయి.

నేర్చుకోవడం మాత్రం కష్టం కాదు. ఫోర్కు గొట్టం చుట్టూ ఒక జిప్ టై చేత్తో జరిపితే జరిగేలా కట్టు. ముందు చక్రం గాల్లోకి లేపి పట్టుకుని, దాన్ని సీలు దాకా పైకి జరుపు. రైడింగ్ గేరుతో సహా ఎక్కి, కాళ్ళు పైకి పెట్టి మామూలుగా కూర్చో. ఇద్దరు స్నేహితులు బండి పట్టుకోవాలి. ఊగకుండా దిగు. జిప్ టై ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలువు. రోడ్డు వాడకానికి మొత్తం ట్రావెల్‌లో మూడో వంతు కన్నా కొంచెం తక్కువ రావాలి. ఎక్కువ వస్తే ప్రీలోడ్ బిగించు, తక్కువ వస్తే వదులు చేయి. ముందు ఇది సరిచేశాకే రీబౌండ్ జోలికి పో, అదీ ఒకసారికి రెండు క్లిక్కులే, తిప్పిన లెక్క ఫోన్లో రాసుకుంటూ. నేను మొదట కంప్రెషన్ తిప్పుతున్నానా రీబౌండ్ తిప్పుతున్నానా అని మాన్యువల్ తెరిచి పెట్టుకునే చేసేదాన్ని.

ఒక్క మాట. తిరుమల ఘాట్ కోసం స్పోర్ట్ బండి అనుకునేవాళ్ళు కొంతమంది ఉంటారు. అక్కడ టైం లెక్క ఉంది, ముందే చేరితే ఫైను. 38 పీఎస్ అయినా 8 పీఎస్ అయినా స్వామి దగ్గరికి ఒకే వేగం.

శ్రీసిటీ_షిఫ్ట్

అక్కా, ఆ కొత్త దానికి రెక్కలున్నాయి గదా, వింగ్లెట్లు. 3 కిలోల డౌన్‌ఫోర్స్, అంటే గాలి బండిని కిందికి అదిమే బలం, అని కంపెనీ లెక్క. రేణిగుంట రోడ్డు మీద ఆ మూడు కిలోలు మన క్యారియరే ఇస్తాది.

అలిపిరి_రైడర్

ట్రాక్ వేగానికి అవి పెట్టినారు నాయనా. రేణిగుంట రోడ్డులో ఆ వేగం వచ్చిందంటే వింగ్లెట్ కన్నా ముందు పోలీసు వస్తాడు.

పలమనేరు_పిస్టన్

నేను గ్యారేజీ నడుపుతా, రెండు రకాలూ చేతిలో పడినాయి. హోసూరు పోయే ముందు కొన్ని చూసుకో తమ్ముడూ.

ముందు ఆర్‌సీ కార్డు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి క్యూబిక్ కెపాసిటీ చూడు. 164.9 ఉంటేనే ఆర్‌పీ. 159.7 కనపడిందా, 160 4వీకి ఎర్ర చక్రాలు, స్టిక్కర్లు తగిలించినట్టు. ఇది ఇంట్లో కూర్చునే తేలిపోతాది, పెట్రోలు దండగ కాదు.

ఆడికి పోయినాక ఆయన స్టార్ట్ చెయ్యకముందే ఇంజను మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉంటే నీకోసం ముందే వేడి చేసినాడని అర్థం. చల్లటి ఇంజను మొదటి నిమిషంలోనే నిజం చెప్తాది, ఆ నిమిషం మనకి దొరకనియ్యకూడదని చూస్తారు కొందరు. హెడ్ కవరు బోల్టుల అంచులు గీరుకుపోయి ఉంటే ఎవరో విప్పినట్టు.

తర్వాత చైన్. ఆర్‌పీకి ఇత్తడి పూత చైను, బంగారు రంగు స్ప్రాకెట్ వచ్చింది. క్లచ్ లివరు, బ్రేకు లివరు రెండూ అడ్జస్టబుల్. వెనక టైరు రేడియల్. టైరు పక్కన అంకెల మధ్యలో 'ఆర్' అక్షరం ఉంటే రేడియల్, ఉత్త గీత ఉంటే కాదు. ఇవన్నీ ఉంటేనే 200లో ఒకటి. లేకుంటే 164.9 సీసీ అపాచీ.

పార్టుల భయం ఎంతుండాలో అంతే పెట్టుకో. బాడీ, ట్యాంకు, బ్రేకులు చాలా వరకు 160 4వీ కుటుంబానివే, యాడైనా దొరుకుతాయి. భయమంతా హెడ్డు, క్యామ్, వాల్వు, పిస్టన్ మీదే. 200 బండ్ల కోసం ఆ పార్టులు ఏ కౌంటర్‌లోనూ షెల్ఫ్ మీద పెట్టుకోరు. ఆర్డరు పెట్టి కూచోవాల. పదేళ్ళకి ఆర్డరు పెట్టినా వస్తాయని రాసిచ్చేవాడెవడు?

పెట్రోలు సంగతి కూడా ఉంది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లు ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) తట్టుకునే రబ్బర్లు, పైపులతో రావాలని రూలు. ఆర్‌పీ అంతకు ముందు పుట్టింది. ఆగిపోతాదని కాదు. నెలల తరబడి కదలకుండా షోకేసులో పెట్టే ఆలోచన ఉంటే ట్యాంకులో పెట్రోలు అట్లే వదిలెయ్యొద్దంటున్నా.

పేపర్ల_మామ

బాబూ, బండి మీరంతా చూసుకోండి. కాగితాలు నేను చెప్తాను.

హోసూరు బండి అంటే టీఎన్ 70. ముందు అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అంటే ఫారం 28. అమ్మేవాడి చేత 29, 30 ఫారాల మీద సంతకాలు. లోను మీద కొన్న బండి అయితే ఫారం 35, బ్యాంకు నుంచి ఎన్‌వోసీ. ఆయన "లోను ఎప్పుడో కట్టేశా" అంటాడు, ఆర్‌సీ మీద హైపోథికేషన్ (లోను ఇచ్చినవాళ్ళ పేరు) మాత్రం అలాగే ఉంటుంది. నోటి మాట వద్దు.

తర్వాత ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్ళీ కట్టాలి. బండి వయసును బట్టి తగ్గుతుంది, కానీ సున్నా కాదు. తమిళనాడులో మొదటాయన కట్టినదాంట్లో మిగిలింది రీఫండు అడగవచ్చు, ఓపిక ఉంటే. ఏడాది దాటి మన రాష్ట్రంలో ఉంచుకుంటే నంబరు మార్చుకోవాల్సిందే, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. "టీఎన్ నంబరుతోనే తిప్పుకో, ఎవరడుగుతారు" అని చెప్పేవాళ్ళ మాట వినవద్దు. యాక్సిడెంటు అయినప్పుడు ఇన్సూరెన్స్ వాడు అడుగుతాడు.

ఇన్సూరెన్స్ అంటే గుర్తొచ్చింది. 310 కాబట్టి థర్డ్ పార్టీ ఎక్కువ కట్టాలని చాలామంది అనుకుంటారు. 150 దాటి 350 సీసీ దాకా ఒకే శ్లాబు. 2022 రేట్ల ప్రకారం రెండింటికీ ఏడాదికి 1,366 రూపాయలే. అయితే మీ ఆర్‌పీ "200లో ఒకటి" అన్నది ఓన్ డ్యామేజీ (మన బండికి జరిగే నష్టం) పాలసీలో ఎవరికీ పట్టదు. ఐడీవీ అంటే తరుగు తీసేసిన ధర. 1.60 పెట్టి కొని పోగొట్టుకుంటే చేతికి అంత రాదు.

కొత్త బండికి ఇంకో లాభం. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు వాటికి జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. పాత రేటు కార్డు చూసి లెక్క వేసుకోకండి.

మొగిలి_ఘాట్

మామ వచ్చినాడంటే సగం బేరం ఆడ్నే తెగిపోతాది.

పుత్తూరు_ప్రోస్టాక్

మామా, ఐడీవీ చూసి కొనేదైతే అందరూ స్ప్లెండరే కొనాల. కొన్ని బండ్లు మళ్ళీ రావు. ఆర్‌ఆర్ 310 ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు దొరుకుతాది, ఇంకా మంచిదే దొరుకుతాది. 2017 డిసెంబరులో 34 పీఎస్‌తో మొదలైంది, ఇప్పుడు 38. మధ్యలో స్లిప్పర్ క్లచ్, రైడ్ మోడ్‌లు, కిట్లు, వింగ్లెట్లు, మొన్న లాంచ్ కంట్రోల్. ఎప్పుడు కొన్నా తర్వాతోడు మనల్ని చూసి నవ్వుతాడు. ఆర్‌పీకి ఆ బాధ లేదు.

అలిపిరి_రైడర్

పుత్తూరూ, నువ్వు చెప్పేది దాచుకునే వాడికి సరిపోతుంది. ఈ తమ్ముడు రోజూ తొక్కుతానంటున్నాడు. మళ్ళీ రాని బండి మీద రోజూ రేణిగుంట రోడ్డులో ఇసుక ట్రాక్టర్ల వెనక పోవడం ఎవరికి సుఖం? బండికా, ఇతనికా?

పుత్తూరు_ప్రోస్టాక్

…ఇది మాత్రం న్యాయమైన ప్రశ్న.

కరకంబాడి_కుర్రోడు

నిన్న హోసూరు పోయొచ్చినా. ముందుగానే ఎంపరివాహన్‌లో చూసుకున్నా, 164.9 ఉంది. బండి నిజమైనదే. పొద్దున్నే బయల్దేరి చిత్తూరులో ఇడ్లీ తిని, పలమనేరు మీదుగా పోయినా.

ఇంజను వేడిగా ఉంది. "ఇప్పుడే పాల ప్యాకెట్టుకి పోయొచ్చినా" అన్నాడు. సరే అనుకున్నా. కూచుంటే బండి బలే ఉంది, అబద్ధం చెప్పను. 7 వేలు దాటినాక ఒక అరుపు అరుస్తాది చూడు, చేతులకి వెంట్రుకలు లేచినాయి. దాని కింద మాత్రం మొగిలన్న చెప్పినట్టే, మా పాత బండి మాదిరి కదులుతాది.

చైను నల్లది. స్ప్రాకెట్ బంగారు రంగు కాదు, మామూలు ఇనుము. వెనక టైరు మీద అంకెల మధ్య ఉత్త గీత. క్లచ్ లివర్‌కి అడ్జస్టర్ ఉంది, బ్రేకు లివర్‌కి లేదు. ఎక్కడో పడిపోయి మార్పించినట్టుంది, హ్యాండిల్ చివర కూడా గీరింది. హెడ్ కవరు బోల్టులు మాత్రం కొత్తగా ఉన్నాయి, ఎవరూ ముట్టలేదు. అడిగితే "పాత చైను, స్ప్రాకెట్ లోపల యాడనో ఉండాయి, వెతకాల" అన్నాడు. ధర మాత్రం 1.60 దగ్గర్నే ఉంది. ఆర్‌సీ మీద ఒక ఫైనాన్సు కంపెనీ పేరు కూడా కనపడింది, పేపర్ల మామకి దండం.

తిరిగొచ్చేటప్పుడు కుప్పం నుంచి వచ్చిన స్నేహితుడి ఆర్‌ఆర్ 310 పలమనేరు దాకా తొక్కినా. 2024ది, కిట్లు లేనిది. క్విక్‌షిఫ్టర్ అలవాటైతే క్లచ్ మర్చిపోతాం. ఆర్‌ఆర్‌కే ఫిక్సయినా. ఇప్పుడు ఒక్కటే తేలాల. రెండు కిట్లకీ డబ్బు చాలదు. ఏది?

మొగిలి_ఘాట్

ప్రో కిట్. అందులో ఐఎంయూ అనే సెన్సారు ఉంటాది, బండి వాలిన కోణం చూసి ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ పని చేస్తాయి. భాకరాపేట మలుపులో వానలో ఇసుక కనపడి బ్రేకు తొక్కినప్పుడు నీ ఫోర్కు ఎన్ని క్లిక్కులుందో ఎవడూ అడగడు.

అలిపిరి_రైడర్

మొగిలన్నతో ఈ ఒక్క విషయంలో నాకు పడదు. సస్పెన్షన్ రోజూ ప్రతి గుంతలో పని చేస్తుంది, ఆ ఎలక్ట్రానిక్స్ ఏడాదికి ఒక్కసారి. కానీ… ఆ ఒక్కసారి కోసమే కదా అంటే నా దగ్గర జవాబు లేదు. ఒక్కటే అడుగుతాను. జిప్ టై కట్టి కూర్చునే ఓపిక నీకుందా? ఉంటే డైనమిక్. లేకపోతే అన్న చెప్పిందే తీసుకో. షోరూంలో ఏది దేనితో కలిపి ఇస్తారో కాగితం మీద రాయించుకో.

పలమనేరు_పిస్టన్

ట్రాక్‌కి పోవాలని ఉంది గదా, మొదటిసారికి రెండు కిట్లూ అక్కర్లేదు. లెదర్ సూటు, బూట్లు, మంచి హెల్మెట్‌కి ఆ డబ్బు పెట్టు. అవి లేకుండా లోపలికే పంపరు.

కరకంబాడి_కుర్రోడు

ప్రో కిట్‌కి అడ్వాన్స్ కట్టేసినా. ఇంట్లో అమ్మకి "మలుపులో జారకుండా పట్టుకునే సామాను" అని చెప్తే ఆమె కూడా ఒప్పుకుంది. సస్పెన్షన్ ఉన్నదాంతోనే సరిపెట్టుకుంటా. సెపాంగ్ బ్లూ వదిలేసినా, ఆ డబ్బు గ్లవ్స్‌కి.

శ్రీసిటీ_షిఫ్ట్

పార్టీ ఎప్పుడు?

పుత్తూరు_ప్రోస్టాక్

పార్టీ తర్వాత. తమ్ముడూ, ఆ హోసూరాయన నంబరు డీఎం చెయ్యి. హెడ్డు విప్పలేదంటున్నావు, నాకు అదే కావాల. ట్రాక్ బండికి లివర్లు, టైర్లు ఎట్లాగూ మార్చేదే, రంగు చూసేదెవరు. 1.10కి పైన ఒక్క రూపాయి పెట్టను, ముందు ఆ ఫైనాన్సు కాగితం తేవాల. ఒకసారి నువ్వే ఫోన్ చేసి కనుక్కోబ్బా, ఆ ఇత్తడి చైను, స్ప్రాకెట్ దొరికినాయా లేదా అని.